మునగాకు పొడితో పోషకాహార ఉత్పత్తుల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మునగాకు పొడిని బిస్కెట్లలో, జంతికల్లో, కారప్పొడుల్లో, జావ మిశ్రమాల్లో కలిపి అమ్మాలనుకునే స్వయం సహాయక బృందాల సభ్యులు, చిన్న తయారీదారులు, ఇంట్లోవాళ్ల కోసం పొడి చేసుకోవాలనుకునే గృహిణులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఈ పొడి గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో నిజమెంతో, అతిశయోక్తి ఎంతో విడదీసి చెప్పడం అవసరమని భావించి కొన్ని సమాధానాలను కాస్త విపులంగా రాశాము.

ప్రశ్న: మునగాకులో నిజంగా ఏమేం పోషకాలు ఉన్నాయి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల ప్రకారం, 100 గ్రాముల పచ్చి మునగాకులో సుమారు 6.4 గ్రాముల ప్రోటీన్, 314 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము, 108 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ కూడా పుష్కలంగా ఉంటుంది. ఆకుకూరల్లో ఇవి మేలైన అంకెలే. తోటకూర, పాలకూర కంటే మునగాకులో ప్రోటీన్ ఎక్కువ.

పచ్చి ఆకులో దాదాపు మూడు వంతులు నీరే కాబట్టి, ఆరబెట్టినప్పుడు 4 గ్రాముల ఆకు సుమారు 1 గ్రాము పొడి అవుతుంది. అందువల్ల 100 గ్రాముల పొడిలో 25 గ్రాముల వరకు ప్రోటీన్, సుమారు 1,250 మిల్లీగ్రాముల కాల్షియం, 20 మిల్లీగ్రాములకు అటూఇటుగా ఇనుము ఉంటాయని చెప్పవచ్చు. నేల, రకం, ఆకు ముదురు, ఆరబెట్టిన తీరు బట్టి ఈ విలువలు గణనీయంగా మారుతాయి కనుక, అమ్మకానికి పెట్టే పొడిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ అంకెలనే లేబుల్ మీద వేయాలి తప్ప ఎక్కడో చదివిన అంకెలను వేయకూడదు.

ప్రశ్న: నారింజ కంటే ఏడు రెట్లు విటమిన్ సి, పాల కంటే ఎన్నో రెట్లు కాల్షియం అంటారు. అది నిజమేనా?

ఈ పోలికలు తూకానికి తూకం వేసి చెప్పేవి. విటమిన్ సి పోలిక పచ్చి ఆకుకు సంబంధించినది. పొడికి అది వర్తించదు, ఎందుకంటే ఆరబెట్టేటప్పుడు విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. కాల్షియం పోలికలో 100 గ్రాముల పొడిని 100 గ్రాముల పాలతో పోలుస్తారు. గ్లాసెడు పాలు ఎవరైనా తాగగలరు గాని, 100 గ్రాముల మునగాకు పొడిని ఒక పూటలో తినగలిగిన మనిషి ఉండడు. మనం తినేది ఒకటి రెండు చెంచాలు, అంటే 2 నుంచి 5 గ్రాములు.

5 గ్రాముల పొడి అంటే 20 గ్రాముల పచ్చి ఆకు. అందులో ఒక గ్రాముకు కాస్త ఎక్కువ ప్రోటీన్, 60 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, ఒక మిల్లీగ్రాము ఇనుము వస్తాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం వయోజన మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. కనుక ఈ పొడి రోజువారీ ఆహారానికి ఒక మంచి తోడు మాత్రమే. పప్పు, పాలు, గుడ్డు, తాజా ఆకుకూరల స్థానాన్ని ఇది భర్తీ చేయదు. ఈ లెక్క తెలిసిన తయారీదారు కొనుగోలుదారుకు అబద్ధం చెప్పవలసిన పని పడదు.

ప్రశ్న: అలాగైతే ఏ ఉత్పత్తిలో కలిపితే మనిషికి నిజంగా మేలు జరుగుతుంది?

ఈ ప్రశ్నను చాలామంది అడగరు, కాని అన్నిటికంటే ముందు అడగవలసినది ఇదే. ఏ పదార్థంలో ఎంత పొడి పడుతుంది, దాన్ని మనిషి ఒక పూటలో ఎంత తింటాడు అనే రెండు సంగతులు కలిపి చూడాలి.

బిస్కెట్లనే తీసుకుందాము. కిలో పిండిలో 50 గ్రాముల మేరకు తగ్గించి ఆ స్థానంలో మునగాకు పొడి కలిపామనుకోండి. దానికి 400 గ్రాముల వెన్న, 400 గ్రాముల చక్కెర చేరి, కాల్చిన తరువాత సుమారు కిలోముప్పావు బిస్కెట్లు వస్తాయి. పది గ్రాముల బిస్కెట్లు నాలుగు తిన్న పిల్లవాడికి అందేది ఒక గ్రాముకు కాస్త పైన పొడి, అంటే నాలుగైదు గ్రాముల పచ్చి ఆకు. దానితోపాటు తొమ్మిది గ్రాముల చక్కెర, అంతే వెన్న లోపలికి వెళ్తాయి. బిస్కెట్ ఆకుపచ్చగా కనబడినంత మాత్రాన అది పౌష్టికాహారం అయిపోదు.

ఇప్పుడు మన ఇళ్లలో చేసే మునగాకు కారప్పొడిని చూడండి. అందులో మూడో వంతు ఆకే ఉంటుంది. వేడి అన్నంలో పది పన్నెండు గ్రాముల పొడి కలుపుకుని, నెయ్యి వేసుకుని తింటే నాలుగు గ్రాముల ఆకుపొడి, అంటే పదహారు గ్రాముల పచ్చి ఆకు లోపలికి వెళ్తుంది. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి, ఆ పని నెయ్యి చేస్తుంది. అన్నం మీద కాస్త నిమ్మరసం పిండితే ఇనుము మరింత బాగా ఒంటపడుతుంది. మా అభిప్రాయంలో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారు బిస్కెట్ల కంటే ముందు కారప్పొడితో ప్రారంభించడం అన్ని విధాలా మంచిది. యంత్రాల ఖర్చు తక్కువ, రుచి తెలుగువారికి కొత్తది కాదు, ఆకు చేదు కూడా మిరప, చింతపండు, వెల్లుల్లి రుచుల్లో కలిసిపోతుంది.

ప్రశ్న: కారప్పొడి కొలతలు చెప్పగలరా?

60 గ్రాముల ఎండిన మునగాకుకు 50 గ్రాముల మినప్పప్పు, 30 గ్రాముల శనగపప్పు, 20 గ్రాముల ధనియాలు, 20 గ్రాముల ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర, చిన్న నిమ్మకాయంత చింతపండు, ఒక వెల్లుల్లిపాయ, తగినంత ఉప్పు సరిపోతాయి. పప్పులను సన్నని సెగ మీద దోరగా వేయించి, ధనియాలు, జీలకర్ర, మిరపకాయలు వేరుగా వేయించాలి. చింతపండును ఈనెలు, గింజలు తీసి బాణలిలో తడి ఆరేదాకా వేడి చేయాలి. స్టవ్ ఆపేసిన తరువాత, ఆ బాణలి వేడిలోనే ఎండిన ఆకును ఒకటి రెండు నిమిషాలు కలియబెడితే చాలు. ఆకును మాడేదాకా వేయిస్తే రంగు నల్లబడి, చేదు పెరిగి, కెరోటిన్ తగ్గిపోతుంది. అన్నీ పూర్తిగా చల్లారాక పప్పులను ముందు బరకగా పట్టి, చివరికి ఆకు, వెల్లుల్లి వేసి ఒక్క తిప్పు తిప్పాలి. అమ్మకానికి చేసేవారు పచ్చి వెల్లుల్లి బదులు ఎండబెట్టిన వెల్లుల్లి వాడాలి. పచ్చి వెల్లుల్లిలోని తడి వల్ల పొడి ఉండలు కట్టి త్వరగా పాడవుతుంది.

ప్రశ్న: ఆకును ఎలా ఎంచుకోవాలి? ఏ రకం మొక్క మంచిది?

తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల నుంచి వచ్చిన పి.కె.ఎం-1 రకం తెలుగు రాష్ట్రాల్లో కాయ కోసం విస్తారంగా సాగులో ఉంది. ఆకు కోసం కూడా దీన్నే దగ్గర దగ్గరగా నాటి, తరచూ కొమ్మలు కత్తిరిస్తూ పెంచుతారు. మరీ లేత చిగురు, పండుబారిన ఆకు రెండూ పనికిరావు. పూర్తిగా విచ్చుకుని ముదురు ఆకుపచ్చ రంగులో ఉన్న ఆకును ఉదయం పూట, మంచు తడి ఆరిన తరువాత కోయాలి.

మునగకు గొంగళి పురుగుల బెడద ఎక్కువ. కాయ కోసం పురుగుమందులు కొట్టిన తోట నుంచి ఆకు తీసుకోకూడదు, ఎందుకంటే కాయలోపలి గుజ్జు తినడం వేరు, మందు నేరుగా పడిన ఆకును ఎండబెట్టి నాలుగింతలు చిక్కబరచి తినడం వేరు. ఆకు కోసం వేరుగా కేటాయించిన చెట్లకు వేపనూనె, వేపగింజల కషాయం వాడేలా రైతుతో ముందే మాట్లాడుకోవాలి. రోడ్డు పక్కన దుమ్ము, పొగ పట్టిన చెట్ల ఆకు కూడా వద్దు.

ప్రశ్న: ఆరబెట్టడం ఎండలోనా, నీడలోనా?

నీడలోనే. నేరుగా పడే ఎండకు బీటా కెరోటిన్ నశిస్తుంది, రంగు వెలిసిపోతుంది. కోసిన రోజే కాడలు, పసుపు ఆకులు ఏరి, తాగడానికి పనికొచ్చే నీటితో రెండు మూడు సార్లు కడగాలి. మధ్యలో ఒకసారి లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచడం అలవాటుగా ఉన్న పద్ధతి. నీరు ఓడ్చిన తరువాత వల పరచిన ట్రేలలో పలుచగా పోయాలి. గాలి ఆడే గదిలో, దోమతెర కట్టిన కిటికీల మధ్య ఆరబెడితే వాతావరణాన్ని బట్టి కొన్ని రోజులు పడుతుంది. వానాకాలంలో ఆకు ఆరకముందే బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ నెలల్లో సోలార్ డ్రయ్యర్ గాని, విద్యుత్ ట్రే డ్రయ్యర్ గాని లేకుండా అమ్మకానికి సరుకు తయారుచేయవద్దని గట్టిగా చెబుతున్నాము. డ్రయ్యర్‌లో వేడి 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు.

గుప్పిట్లో నలిపితే గలగలమని విరిగి పొడి అయితే ఆకు ఆరినట్లు. మెత్తగా ముద్దకట్టేలా వంగితే ఇంకా తడి ఉన్నట్లు. పొడి పట్టిన తరువాత కూడా గాలిలోని తేమను అది త్వరగా పీల్చుకుంటుంది. అందుకే జల్లించిన పొడిని మళ్లీ 50 డిగ్రీల వద్ద అరగంట ఆరబెట్టి, తేమ 7.5 శాతం కంటే తక్కువకు వచ్చాక, చల్లార్చి వెంటనే ప్యాక్ చేయాలి.

ప్రశ్న: ఆకును ఆరబెట్టే ముందు ఆవిరి పట్టడం అవసరమా? పోషకాలు పోవా?

కొంత విటమిన్ సి పోతుంది, కాని ఆరబెట్టేటప్పుడు అది ఎలాగూ పోయేదే. రెండు మూడు నిమిషాలు ఆవిరి పట్టి, వెంటనే చల్లార్చి ఆరబెట్టడం వల్ల మూడు లాభాలు ఉన్నాయి. ఆకుకు ఘాటు, చేదు తెచ్చే ఎంజైములు పనిచేయకుండా ఆగిపోతాయి. ఇనుము, కాల్షియం ఒంటపట్టకుండా అడ్డుపడే పదార్థాల్లో కొంత తగ్గవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, హానికరమైన సూక్ష్మజీవులు చనిపోతాయి.

ఈ మూడోది ఎందుకు ముఖ్యమో వివరించాలి. 50 డిగ్రీల వేడికి ఆకు ఎండుతుందే గాని సాల్మొనెల్లా వంటి బాక్టీరియా చావదు. ఎండిన పొడిలో అది పెరగకపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది. 2025లో అమెరికాలో మునగాకు పొడి కలిసిన ఉత్పత్తుల వల్ల సాల్మొనెల్లా జబ్బులు బయటపడి సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ పొడి భారతదేశం నుంచి వెళ్లినదే. కాల్చే బిస్కెట్లలో, మరిగించే జావలో, వేయించే జంతికల్లో ఈ ప్రమాదం తగ్గుతుంది. నీళ్లలోనో మజ్జిగలోనో నేరుగా కలుపుకుని తాగే పొడికి మాత్రం ఆవిరి పట్టడం, ప్రతి బ్యాచ్‌కు సూక్ష్మజీవుల పరీక్ష చేయించడం తప్పనిసరి అని మేము భావిస్తాము. ఆకు ఏరేవారు చేతులు సబ్బుతో కడుక్కోవడం, కోళ్లు, పిల్లులు, బల్లులు ట్రేల దగ్గరకు రాకుండా చూసుకోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

ప్రశ్న: ఏ పదార్థంలో ఎంత కలిపితే రుచి చెడదు?

గోధుమపిండితో చేసే రొట్టె, బ్రెడ్, బన్నుల్లో పిండి బరువులో 3 నుంచి 5 శాతం వరకు కలిపితే జనం ఇష్టంగా తింటారు. 10 శాతం దాటితే చేదు, గడ్డివాసన తెలుస్తాయి, బ్రెడ్ సరిగా పొంగదు, ఎందుకంటే ఆకుపొడిలో పిండిని సాగేలా చేసే గ్లూటెన్ ఉండదు. పొడిలోని పీచు నీటిని పీల్చుకుంటుంది కనుక పిండి కలిపేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి, పావుగంట నానబెట్టాలి. సేమియా, నూడుల్స్‌లో 3 శాతం దాటకుండా ఉంటే ఉడికించినప్పుడు విరిగిపోవు.

జంతికలకు కిలో బియ్యప్పిండి, 200 గ్రాముల పుట్నాల పిండికి 40 గ్రాముల పొడి చాలు. వాము, నువ్వులు ఈ పొడికి బాగా నప్పుతాయి. రాగి జావ మిశ్రమంలో 5 శాతం వరకు వేయవచ్చు. రాగి రంగు ముదురుగా ఉండడం వల్ల ఆకుపచ్చదనం అంతగా కనబడదు, ఆకుకూర అంటే మొహం తిప్పుకునే పిల్లలకు ఇది వీలైన మార్గం. పల్లీ, నువ్వుల చిక్కీలో బెల్లం పాకం తీపి చేదును కమ్మేస్తుంది. అయితే పొడిని పాకంలో మరిగించకుండా, దించిన తరువాత పల్లీలతోపాటు కలపాలి.

ప్రశ్న: కాల్చినప్పుడు ఆకుపచ్చ రంగు గోధుమ రంగుకు మారుతోంది. వంటసోడా వేయవచ్చా?

వేడికి, పులుపుకు ఆకులోని పత్రహరితం రంగు మారడం సహజం. సోడా వేస్తే రంగు నిలుస్తుంది గాని కొన్ని బి విటమిన్లు నశిస్తాయి. ఆకుపచ్చ కృత్రిమ రంగు కలపడం మరీ తప్పు. సహజమైన రంగునే కొనుగోలుదారుకు అలవాటు చేయడం మేలు.

ప్రశ్న: నూనెలో వేయించిన మునగాకు చిరుతిళ్లు త్వరగా చీకువాసన వస్తున్నాయి. కారణమేమిటి?

పత్రహరితం వెలుతురు తగిలినప్పుడు నూనె చెడిపోవడాన్ని వేగవంతం చేస్తుంది. పారదర్శకమైన కవర్లో, షాపు ముందు ఎండ తగిలేచోట వేలాడదీసిన జంతికలు అందుకే మామూలు జంతికల కంటే ముందుగా కంపు కొడతాయి. లోపల అల్యూమినియం పొర ఉన్న, వెలుతురు చొరని పౌచ్‌లలో గాలి లేకుండా సీలు వేయాలి. పొడిని కూడా అలాగే నిల్వ చేయాలి. చల్లని, చీకటి చోట ఉంచితే పొడి సుమారు ఆరు నెలలు బాగుంటుంది. వేయించిన నూనెను మళ్లీ మళ్లీ వాడకూడదు.

ప్రశ్న: మన సంప్రదాయ వంటల్లో నుంచి కొత్త ఉత్పత్తులకు దారి ఉందా?

తప్పకుండా ఉంది. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పడం, కోస్తా జిల్లాల్లో తెలగపిండితో మునగాకు కూర వండడం తెలిసినవే. గానుగలో నువ్వుల నూనె తీసిన తరువాత మిగిలే తెలగపిండిలో ప్రోటీన్, కాల్షియం మెండుగా ఉంటాయి. ఆకులో ఉన్న కెరోటిన్, తెలగపిండిలో ఉన్న ప్రోటీన్, అందులో మిగిలిన కాస్త నూనె ఒకదానికొకటి తోడవుతాయి. ఈ కూరను ఎండు మిశ్రమంగా తయారుచేసి, వేడినీళ్లలో నానబెట్టి తాలింపు పెట్టుకునేలా అమ్మితే, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ, విదేశాల్లోనూ ఉన్న తెలుగువారికి అది వెంటనే అర్థమయ్యే సరుకు అవుతుంది. పశువుల దాణా కోసం అమ్మే పిండి కాకుండా, తినడానికి పనికివచ్చేలా శుభ్రంగా ఆడించిన గానుగ పిండిని మాత్రమే వాడాలి. ఎవరో విదేశీ పేరుతో అమ్మే ఆకుపచ్చ పానీయాలను అనుకరించడం కంటే ఇటువంటి పదార్థాల మీద శ్రమ పెట్టడం మనకు ఎక్కువ ఫలితం ఇస్తుందని నమ్ముతున్నాము.

ప్రశ్న: ఈ పొడితో రక్తహీనత తగ్గుతుందని ప్యాకెట్ మీద రాయవచ్చా?

రాయకూడదు. జబ్బును తగ్గిస్తుందని ఆహార పదార్థం లేబుల్ మీద చెప్పడం నిబంధనలకు విరుద్ధం, పైగా నిజం కాదు. మొక్కల నుంచి వచ్చే ఇనుములో కొంత భాగమే ఒంటపడుతుంది. ఆకులోని ఫైటేట్లు, పాలీఫినాల్స్ దాన్ని ఇంకా తగ్గిస్తాయి. రక్తహీనత ఉన్న గర్భిణి ఐరన్ మాత్రలు మానేసి మునగాకు లడ్డూలు తింటే ఆమెకు, బిడ్డకు హాని జరుగుతుంది.

ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం ఒక ఘనాహారాన్ని ఇనుముకు లేదా కాల్షియంకు ఆధారం అని పేర్కొనాలంటే, 100 గ్రాముల ఆహారంలో రోజుకు సిఫారసు చేసిన మోతాదులో కనీసం 15 శాతం ఉండాలి. పైన చెప్పిన బిస్కెట్లలో 100 గ్రాములకు 3 గ్రాముల కంటే తక్కువ ఆకుపొడి ఉంటుంది, దాని నుంచి వచ్చే ఇనుము అర మిల్లీగ్రాముకు అటూఇటు. ఆకుపొడి ఒక్కదానితో ఆ అర్హత రాదు. పరీక్ష చేయించి, అంకెలు అనుమతిస్తేనే ఆ మాట రాయాలి.

ప్రశ్న: ఎవరెవరు జాగ్రత్తగా ఉండాలి?

మునగాకులో విటమిన్ కె ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు ఈ పొడిని రోజూ తీసుకునే ముందు వైద్యుడిని తప్పక అడగాలి. మధుమేహానికి మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా అడగడం మంచిది. గర్భిణులు కూరగా తినే ఆకుకు భయపడనక్కర్లేదు గాని, మునగ వేరు, బెరడు కలిసిన పొడులను ముట్టకూడదు. ఆరు నెలల లోపు శిశువుకు తల్లిపాలు తప్ప ఏదీ పెట్టకూడదు. ఆ తరువాత పైఆహారంలో చిటికెడుతో మొదలుపెట్టవచ్చు. తీవ్రమైన పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లలను ఆలస్యం చేయకుండా పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: లైసెన్సు, ఆర్థిక సహాయం సంగతి ఏమిటి?

ఇంట్లో తయారుచేసి అమ్మినా ఆహార భద్రత ప్రమాణాల సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యాపారం పెరిగితే లైసెన్సు తీసుకోవాలి. టర్నోవర్ పరిమితులు సవరిస్తూ ఉంటారు కనుక ఆ సంస్థ ఆన్‌లైన్ దరఖాస్తుల కోసం నడిపే ఫోస్కోస్ పోర్టల్‌లో చూసి దరఖాస్తు చేయండి. లేబుల్ మీద పదార్థాల జాబితా, పోషక విలువలు, నికర బరువు, ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, 14 అంకెల రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు సంఖ్య, శాకాహార గుర్తు ఉండాలి. గోధుమ, నువ్వులు, పల్లీలు వాడితే ఆ సంగతి స్పష్టంగా రాయాలి, ఎందుకంటే వాటి వల్ల అలర్జీ ఉన్నవారు ఉంటారు.

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద డ్రయ్యర్, పల్వరైజర్ (పొడి పట్టే యంత్రం), ప్యాకింగ్ యంత్రాల వంటి వాటికి బ్యాంకు రుణంతో ముడిపడిన 35 శాతం సబ్సిడీని, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు ఇస్తూ వచ్చారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో గాని, ఉద్యాన శాఖ కార్యాలయంలో గాని అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: బయట పొడి కొని వాడుకుంటే దాని నాణ్యత ఎలా తెలుస్తుంది?

మంచి పొడి నిండైన ఆకుపచ్చగా, ఎండిన ఆకుకూర వాసనతో ఉంటుంది. పసుపు, గోధుమ రంగు ఉంటే ఎండలో ఆరబెట్టినదో, పాతదో అయి ఉంటుంది. ముక్కవాసన వస్తే తేమ పట్టినట్లు. గాజు గ్లాసు నీళ్లలో ఒక చెంచా కలిపి కాసేపు కదపకుండా ఉంచితే ఇసుక ఉన్నట్లయితే అడుగున పేరుకుంటుంది. వేళ్ల మధ్య రుద్దినప్పుడు పుల్లల్లా గుచ్చుకుంటే కాడలు కలిపి పట్టినట్లు. కాడల్లో పీచే తప్ప పోషకాలు తక్కువ. సరఫరాదారును సీసం, కాడ్మియం వంటి భార లోహాలకు, పురుగుమందుల అవశేషాలకు, సూక్ష్మజీవులకు సంబంధించిన పరీక్ష నివేదికలను బ్యాచ్ వారీగా అడగండి. నివేదిక చూపించని చోట ధర ఎంత తక్కువైనా కొనకండి.

ప్రశ్న: ఏరి తీసేసిన కాడలు, పసుపు ఆకులు ఏం చేయాలి?

మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. మిగిలినవి కంపోస్టు గుంతలో వేయవచ్చు. బరువు పెరుగుతుందన్న ఆశతో వాటిని పొడిలో కలపకూడదు.